జూపిటర్-8కి తగ్గ డిజిటల్ బాడీ: ఒక కేసు, మొదటి నుంచి చివరిదాకా

పాత లెన్సులు విప్పి శుభ్రం చేయడం, ఫంగస్ తీయడం, బిగుసుకుపోయిన ఫోకస్ రింగుల్ని మళ్ళీ తిరిగేలా చేయడం నా వృత్తి. రాజమండ్రిలో ఇరవై ఏళ్ళకు పైగా ఇదే పని మీద ఉన్నాను. ఈ నాలుగైదేళ్ళుగా లెన్సుతో పాటు ఒక ప్రశ్న కూడా నా బల్ల మీదికి వస్తోంది: "దీనికి ఏ డిజిటల్ బాడీ కొనమంటారు?" ఎస్సెల్లార్ (లోపల అద్దం ఉండే కెమెరా) లెన్స్ అయితే రెండు నిమిషాల్లో చెప్పేస్తాను. మిర్రర్‌లెస్ (అద్దం లేని డిజిటల్) బాడీల్లో దాదాపు ఏదైనా సరిపోతుంది. రేంజ్‌ఫైండర్ (పక్క కిటికీలోంచి చూస్తూ, మధ్యలో కనపడే రెండు బొమ్మల్ని కలిపి ఫోకస్ చేసే కెమెరా) లెన్స్ అయితే అలా చెప్పలేను. దాన్ని చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి, చివరి గ్లాసు ఎంత లోపలికి వెళ్తుందో చూడకుండా బాడీ పేరు చెప్పడం తప్పు. ఈ మాట ఎంత నిజమో కిందటేడు వచ్చిన ఒక కేసులో బాగా తెలిసింది. దాన్ని పూర్తిగా రాస్తున్నాను.

పూతరేకుల పెట్టెలో లెన్సులు

దసరా వెళ్ళిన వారానికి అమలాపురం వైపు నుంచి ఒక మాస్టారు వచ్చారు. ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. సంచిలోంచి పూతరేకుల అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టారు. లోపల దూదిలో పొదిగిన సోవియట్ కాలపు జోర్కీ-4 కెమెరా, దాని మీద జూపిటర్-8 50 మి.మీ. ఎఫ్2 లెన్స్, పక్కన జూపిటర్-12 35 మి.మీ. ఎఫ్2.8 (ఎఫ్ అంకె అపెర్చర్, అంటే లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుందో చెబుతుంది; అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది). వాళ్ళ నాన్నగారు ఊళ్ళో చిన్న స్టూడియో నడిపేవారట. ఇవి ఆయనవి. విడిగా ఇంకో కొత్త డబ్బా ఉంది. మెల్‌బోర్న్‌లో ఉన్న కూతురు పంపిన ఫోక్ట్‌లెండర్ అల్ట్రాన్ 35 మి.మీ. ఎఫ్2, వింటేజ్ లైన్. జపాన్‌లో కోసీనా తయారుచేసే లెన్స్ ఇది. చూడ్డానికి 1960ల నాటి వస్తువులా ఉంటుంది. లోపల మాత్రం కొత్త కాలపు యాస్ఫెరికల్ (పూర్తి గోళాకారం కాని గ్లాసు వాడే) డిజైన్.

"నాన్నగారి లెన్సుతో మనవల్ని తీయాలి బాబూ. సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థం తీయాలి. ఫిల్ముతో కాదు, డిజిటల్లో. లక్ష లోపల అవ్వాలి, అడాప్టర్‌తో కలిపి." అడాప్టర్ అంటే ఒక రకం లెన్సుని ఇంకో రకం బాడీకి తగిలించే రింగు.

అప్పటికే ఆయన ఒక షాపులో అడిగి వచ్చారు. అక్కడ 61 మెగాపిక్సెళ్ళ బాడీ చూపించి, పాత లెన్సులో ఉన్న డిటైల్ అంతా ఇందులోనే బయటికొస్తుందని చెప్పారట. ధర ఆయన బడ్జెట్ దాటిపోయింది. అప్పు చేసైనా కొనాలా అనే టెన్షన్‌లో ఉన్నారు. అక్కర్లేదని చెప్పాను. ఆయన ప్రింట్లు వేయించుకునేది ఎక్కువలో ఎక్కువ 12×18 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 5400×3600, అంటే 19 మెగాపిక్సెళ్ళ పైచిలుకు. 24 మెగాపిక్సెళ్ళ బాడీ బోలెడు.

ఇంకో సంగతి ఆయన చెప్పలేదు, నేను అడిగితే బయటికొచ్చింది. కుడి కంటికి రెండేళ్ళ కిందట శుక్లం ఆపరేషన్ అయింది. ఎడమ కంటికి ఇంకా చేయించుకోలేదు. చూసేది కుడి కన్నుతోనే. బాడీ ఎంపికలో ఈ ఒక్క విషయానికి సెన్సార్‌తో సమానమైన బరువుంది. మాన్యువల్ లెన్సులో ఫోకస్ చేసేది కెమెరా కాదు, మన కన్ను.

ముందు లెన్స్, తర్వాతే బాడీ

మసక పట్టిన లెన్సుతో బాడీని పరీక్షిస్తే తీర్పు తప్పుతుంది. పొగచూరినట్టు వచ్చిన బొమ్మని చూసి "ఆహా, వింటేజ్ లుక్" అనుకునేవాళ్ళని చాలామందిని చూశాను. అది లుక్ కాదు, గ్రీజు ఆవిరై గ్లాసు మీద పేరుకున్న పొర. అందుకని ముందు రెండు జూపిటర్లనీ విప్పాను.

జూపిటర్-8 సీరియల్ నంబర్ 64తో మొదలైంది. క్రాస్నోగోర్స్క్ ఫ్యాక్టరీ లెన్సుల్లో మొదటి రెండంకెలు సాధారణంగా తయారైన సంవత్సరం, అంటే 1964. డిజైన్ అంతకంటే పాతది. 1930ల్లో జైస్ కంపెనీకి లుడ్విగ్ బెర్టెలే రూపొందించిన సోనార్ దీనికి మూలం. ముందు గ్లాసు లోపలి అంచున ఫంగస్ సాలెగూడులా పాకింది. దూది తేమని పట్టి ఉంచుతుంది, కోనసీమ గాలి సంగతి చెప్పక్కర్లేదు. ఫంగస్ పోయింది. కోటింగ్ మీద గోరంత మచ్చ మిగిలింది, బొమ్మలో కనపడదు. హెలికాయిడ్ (ఫోకస్ రింగుతో తిరిగే మరల గొట్టం) విప్పేటప్పుడు మరలు విడిపోయిన చోట గీత గీసుకుని విప్పాను. ఈ లెన్సుల్లో మరకి చాలా మొదళ్ళు ఉంటాయి. తప్పు మొదట్లో ఎక్కిస్తే రింగ్ తిరుగుతుంది కానీ ఫోకస్ ఎప్పటికీ కుదరదు.

జూపిటర్-12ని వెనక్కి తిప్పగానే ఒక నిర్ణయం అయిపోయింది. దాని చివరి గ్లాసు పెద్ద గోళీలా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. కెమెరాకి తగిలిస్తే అది ఫిల్ము దగ్గరదాకా వెళ్ళి కూర్చుంటుంది. కొన్ని మిర్రర్‌లెస్ బాడీల మీద ఎక్కించి వాడుతున్నవాళ్ళు ఉన్నారు. నేను మాత్రం కస్టమర్ కెమెరా మీద ఆ పని చేయను. అడాప్టర్ లోపలి అంచు కొంచెం ఇరుకైనా గ్లాసు గీసుకుంటుంది. లోపల షట్టర్ రెక్కలకీ దానికీ మధ్య జాగా చాలా తక్కువ. తగలకపోయినా మూలలు ఎలాగూ పాడవుతాయి. "ఇది జోర్కీ మీదే ఉండనివ్వండి మాస్టారూ. అదే దాని ఇల్లు" అన్నాను. కాస్త బాధపడ్డారు. మిగిలినవి రెండు లెన్సులు.

గాజు పలక ప్రయోగం

రేంజ్‌ఫైండర్ కెమెరాలో అద్దం ఉండదు కాబట్టి లెన్స్ తయారుచేసేవాళ్ళకి వెనక గ్లాసుని ఫిల్ముకి దగ్గరగా పెట్టే స్వేచ్ఛ దొరికింది. అందుకే ఈ లెన్సులు చిన్నగా, తేలిగ్గా ఉంటాయి. వైడ్ లెన్సుల్లో గీతలు వంకర పోవు. దీనికి చెల్లించే మూల్యం ఏమిటంటే, ఫ్రేము మూలలకి వెలుతురు బాగా ఏటవాలుగా వెళ్తుంది. ఫిల్ముకి దాంతో ఇబ్బంది లేదు. ఏ వైపు నుంచి వచ్చిన వెలుతురైనా దానికి ఒకటే, పైగా దాని ముందు అడ్డుగా ఏమీ ఉండదు.

డిజిటల్ సెన్సార్‌కి రెండు అడ్డంకులున్నాయి. మొదటిది, సెన్సార్ ముందు గాజు. ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే ఫిల్టర్, పైన కవర్ గ్లాస్, కొన్నిట్లో లో-పాస్ ఫిల్టర్ కూడా. ఇవన్నీ కలిపి ఎంత మందం అన్నది బాడీని బట్టి మారుతుంది. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో సుమారు 4 మి.మీ., సోనీ ఫుల్ ఫ్రేములో సుమారు 2 మి.మీ., నికాన్ జెడ్ బాడీల్లో సుమారు 1.1 మి.మీ., లైకా ఎం బాడీల్లో 1 మి.మీ. లోపే. మాస్టారికి ఇది అర్థం చేయించడానికి నేనేమీ కష్టపడలేదు. బల్ల మీదున్న మందపాటి గాజు ముక్కని పేపరు మీద పెట్టాను. నిటారుగా చూస్తే అక్షరం ఉన్నచోటే ఉంది. పక్క నుంచి చూస్తే జరిగింది, ఇంకా పక్కకి వెళ్తే ఇంకా జరిగింది.

"గాజు పలక ప్రయోగం! ముప్ఫై ఏళ్ళు ల్యాబులో చేయించాను కదయ్యా" అని ఆయనే మిగతాది చెప్పేశారు. పలకలోంచి ఏటవాలుగా వెళ్ళిన కిరణం పక్కకి జరిగి బయటికొస్తుంది. వాలు ఎక్కువైతే జరగడం ఎక్కువ, మందం ఎక్కువైనా జరగడం ఎక్కువ. ఒకే బిందువు నుంచి వచ్చిన కిరణాలు తలో కాస్త జరిగితే మూలలో ఆ బిందువు బిందువుగా ఉండదు, పులుముకుంటుంది. ఎస్సెల్లార్ లెన్సుల్లో వెనక గ్లాసు చాలా దూరంగా ఉంటుంది కాబట్టి కిరణాలు దాదాపు నిటారుగా వస్తాయి, ఈ గొడవ ఉండదు.

రెండో అడ్డంకి పిక్సెల్ లోతు. లోతైన బావి అడుక్కి ఎండ మిట్టమధ్యాహ్నమే చేరుతుంది. పొద్దు వాలితే గోడల మీదే ఆగిపోతుంది. పాత తరహా సెన్సార్లో వైర్లు పైన, వెలుతురు పట్టే భాగం అడుగున ఉండేవి. ఏటవాలు వెలుతురు కొంత ఆగిపోయి, కొంత పక్క పిక్సెల్లో పడి, అంచులకి గులాబీ రంగో ఆకుపచ్చో అంటుకునేది. బీఎస్ఐ (బ్యాక్-సైడ్ ఇల్యూమినేటెడ్) అనే కొత్త తరహా సెన్సార్లో వైర్లు వెనక్కి వెళ్ళాయి, బావి లోతు తగ్గింది. అందుకే రంగు మరక చాలావరకు తగ్గింది. కానీ బీఎస్ఐ అయినంత మాత్రాన మొదటి సమస్య తీరదు. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడటం వల్లే కొనేవాళ్ళు ఎక్కువగా మోసపోతున్నారని నా అభిప్రాయం. రంగుని కంప్యూటర్లో సరిచేయొచ్చు. పులుముకున్న మూలని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

వంతెన మీద రివెట్లు

పరీక్షకి నాలుగు బాడీలు సమకూర్చాను. నా సొంత సోనీ ఏ7 మార్క్ 2, పెళ్ళిళ్ళు తీసే మిత్రుడి నికాన్ జెడ్6, ఇంకొకరి ఫుజీ ఎక్స్-టీ3, హైదరాబాద్ నుంచి పని మీద వచ్చిన ఒక ఫొటోగ్రాఫర్ ఒక్కరోజు ఇచ్చిన లైకా ఎం టైప్ 240. ఎం మౌంట్‌లో (లైకా ఎం కెమెరాల లెన్స్ బిగింపులో) లెన్స్ కూర్చునే అంచు నుంచి ఫిల్ము దాకా 27.8 మి.మీ. ఈ జూపిటర్ల లాంటి పాత స్క్రూ మౌంట్‌కి 28.8. అందుకే స్క్రూ లెన్సుని ఎం మౌంట్‌కి మార్చే రింగ్ సరిగ్గా 1 మి.మీ. మందం ఉంటుంది. సోనీలో ఈ దూరం 18, నికాన్ జెడ్‌లో 16, ఫుజీలో 17.7. మూడింట్లోనూ అడాప్టర్‌కి చోటుంది. కాబట్టి "ఎక్కుతుందా?" అన్నది ప్రశ్న కాదు. ఎక్కాక మూలల్లో ఏమవుతుందన్నదే ప్రశ్న.

గోదావరి గట్టు మీద, పొద్దున్న ఆరున్నరకి, పాత హేవలాక్ వంతెనకి ఎదురుగా ట్రైపాడ్ వేశాం. 1900లో మొదలై 1997 దాకా రైళ్ళు మోసిన వంతెన అది. ఫ్రేము ఈ చివర నుంచి ఆ చివర దాకా ఇనుప గర్డర్లు, వాటి నిండా అడ్డకమ్మీలు, రివెట్లు. మూలల్ని పరీక్షించడానికి ఇంతకంటే మంచి వస్తువు మా ఊళ్ళో లేదు. ఎండెక్కితే నీటి మీద గాలి కదిలి అంతా అలలు అలలుగా కనపడుతుంది. ఎనిమిది లోపల ముగించాలి. కంప్యూటర్ మీద వంద శాతానికి పెంచి చూడటం మధ్యాహ్నం షాపులో.

జూపిటర్-8 దగ్గర ఫుల్ ఫ్రేమ్ బాడీలు మూడింటికీ తేడా దాదాపు లేదు. 50 మి.మీ. లెన్సులకి ఈ జబ్బు తక్కువ. ఎఫ్2లో మధ్యలో మెత్తగా ఉన్నా డిటైల్ ఉంది. అంచులు కరిగిపోయాయి, ఎఫ్5.6కి మొత్తం తేరుకుంది. ఆ అంచుల మెత్తదనం లెన్సుదే, బాడీది కాదు. మాస్టారు ఇంట్లో ఉన్న పాత నెగటివుల్లోనూ అదే ఉంది.

అల్ట్రాన్ దగ్గర తేడా బయటపడింది. ఏ7 మార్క్ 2లో ఎఫ్2 దగ్గర ఫ్రేము కుడి చివరి గర్డర్లో అడ్డకమ్మీ కనపడుతోంది కానీ, దాని మీద రివెట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి గీతలా సాగాయి. ఎఫ్8కి చాలావరకు బాగుపడినా చిట్టచివరి మూల తేరుకోలేదు. అదే లెన్స్, అదే చోటు, జెడ్6 మీద ఎఫ్2లోనే రివెట్లు విడివిడిగా లెక్కపెట్టేలా ఉన్నాయి. ఎఫ్5.6కి మూలల్లో నేను ఎత్తి చూపాల్సిందేమీ మిగల్లేదు. లైకాలో ఇంకొంచెం మెరుగు. కానీ ఆ కొంచెం కోసం రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి వెతకాల్సి వచ్చింది.

హద్దు ఎక్కడుందో తెలియడానికి నా దగ్గరున్న పాత కలర్ స్కోపార్ 21 మి.మీ. ఎఫ్4 కూడా వేశాను. వెనక గ్లాసు బాగా లోపలికి వెళ్ళే లెన్స్ అది. ఏ7 మార్క్ 2లో రెండు అంచులూ గులాబీగా మారి, మూలలు తడిగుడ్డతో తుడిచినట్టయ్యాయి. జెడ్6లో గులాబీ దాదాపు పోయింది, తుడిచినట్టుండటం తగ్గింది కానీ ఉంది. లైకాలో రంగు కొంచెం ఉంది, డిటైల్ నిలిచింది. మందం వేరు, బావి లోతు వేరు అని పైన చెప్పింది ఈ మూడు ఫైళ్ళలో కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

ఫుజీలో మూలల సమస్యే లేదు, ఎందుకంటే మూలలే లేవు. సెన్సార్ చిన్నది కాబట్టి 50 మి.మీ. లెన్స్ 75లా, 35 మి.మీ. లెన్స్ 52లా చూస్తుంది. బాడీ చిన్నది, అందమైనది, ధర కూడా అందుబాటే. కానీ మాస్టారు స్క్రీన్ వైపు కాసేపు చూసి, "ఇది నాన్నగారు చూసిన ఫ్రేము కాదు బాబూ, దాని నడుమ ముక్క" అన్నారు. ఆ తర్వాత నేను ఫుజీ మాటెత్తలేదు.

లైకా ఎందుకు వద్దన్నాను

డబ్బు ఒక కారణం. సెకండ్ హ్యాండ్‌లో కూడా అది ఆయన బడ్జెట్‌కి అందదు. కానీ డబ్బున్నా ఈ మనిషికి, ఈ లెన్సుకి నేను అది చెప్పేవాణ్ణి కాదు. 2004లో ఎప్సన్ ఆర్-డీ1తో మొదలై లైకా ఎం8, ఎం9 మీదుగా వచ్చిన డిజిటల్ రేంజ్‌ఫైండర్లంటే నాకు చాలా ఇష్టం. ఆ వ్యూఫైండర్లోంచి చూస్తే ఫ్రేము బయట నడుస్తున్న మనిషి కూడా కనపడతాడు. ఆ అనుభవం ఇంకే బాడీ ఇవ్వదు. అయినా రెండు చోట్ల తేడా కొట్టింది.

మొదటిది ఆయన కన్ను. ఎం ఫైండర్ని మైనస్ 0.5 డయోప్టర్ (కళ్ళద్దాల పవర్ కొలత) దగ్గర స్థిరంగా పెట్టి ఇస్తారు. తిప్పి సరిచేసుకునే చక్రం ఉండదు. వేరే పవర్ కావాలంటే చిన్న గ్లాసు కొని బిగించుకోవాలి. మాస్టారికి మధ్యలో ఉండే రెండు బొమ్మలు కలవడం స్పష్టంగా తెలియలేదు. నాలుగుసార్లు ప్రయత్నించి, కెమెరా దింపి కళ్ళు నులుముకున్నారు.

రెండోది జూపిటర్-8. సోవియట్ రేంజ్‌ఫైండర్ లెన్సుల ఫోకస్ లెక్క పాత జర్మన్ కెమెరా కాంటాక్స్ ప్రమాణం మీద, సుమారు 52.4 మి.మీ. ఫోకల్ లెంగ్త్‌కి ఉంటుంది. లైకా రేంజ్‌ఫైండర్ 51.6కి లెక్కగట్టింది. అనంతం దగ్గర రెండూ కలుస్తాయి. దగ్గరికొచ్చేకొద్దీ తప్పుతాయి. మీటరు దూరంలో నన్ను కూర్చోబెట్టి ఆయన ఎఫ్2లో నా కన్ను మీద ఫోకస్ పెడితే, షార్ప్‌గా వచ్చింది నా చెవి దగ్గర. మాస్టారు అక్కడికక్కడే కాగితం తీసి లెక్క వేశారు. 52.4ని 51.6తో భాగించి వర్గం చేస్తే 1.031. మీటరు దగ్గర మూడు సెంటీమీటర్లు వెనక. కన్నుకీ చెవికీ మధ్య పోయింది ఆ మూడు సెంటీమీటర్లే. టైప్ 240లో లైవ్ వ్యూ (సెన్సార్ మీద పడే బొమ్మనే తెర మీద చూపే పద్ధతి) ఉంది, దాంతో చూస్తే ఈ తప్పు రాదు. కానీ ఎప్పుడూ లైవ్ వ్యూలోనే వాడేటట్టయితే రేంజ్‌ఫైండర్‌కి అంత డబ్బు ఎందుకు?

తీర్పు

సెకండ్ హ్యాండ్ నికాన్ జెడ్6 తీసుకోమన్నాను. 2018లో వచ్చిన బాడీ. 24.5 మెగాపిక్సెళ్ళ బీఎస్ఐ సెన్సార్, ముందు పల్చటి గాజు, బాడీలోనే వణుకు ఆపే ఏర్పాటు. అన్నిటికంటే నాకు ముఖ్యం దాని ఎలక్ట్రానిక్ ఫైండర్: 36.9 లక్షల చుక్కలు, 0.8 మాగ్నిఫికేషన్, మైనస్ 4 నుంచి ప్లస్ 2 దాకా తిరిగే డయోప్టర్. చక్రం ఆయన కంటికి సరిపడా తిప్పి ఇవ్వగానే "అక్షరాలు చదవగలుగుతున్నాను" అన్నారు. నా ఏ7 మార్క్ 2 ఫైండర్లో 23.6 లక్షల చుక్కలే. మసక లెన్స్ ఎఫ్2లో ఉన్నప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది.

సోనీ పక్షాన ఒక మాట చెప్పాలి. సెన్సార్ ముందు గాజుని తీసి పల్చటిది వేసే సర్వీసులు విదేశాల్లో ఉన్నాయి. అది చేయించిన సోనీ ఈ లెన్సులకి చాలా మంచి బాడీ. కానీ పంపడం, తెప్పించడం, కస్టమ్స్, వారంటీ పోవడం... అరవై దాటిన ఒక మాస్టారిని ఆ చిక్కుల్లోకి దింపడం నాకు ఇష్టం లేకపోయింది. 50 మి.మీ., అంతకంటే పొడవు లెన్సులు మాత్రమే ఉన్నవాళ్ళకైతే మామూలు ఏ7 మార్క్ 2నే చెబుతాను. వాళ్ళు ఎక్కువ పెట్టడం వృథా.

అడాప్టర్ దగ్గర పది రోజులు

బాడీ వచ్చింది. తొందరలో ఆయనే ఆన్‌లైన్‌లో ఒక చవక అడాప్టర్ తెప్పించుకున్నారు. వారం తిరక్కుండా ఫోన్: "ఎడమ పక్క ఎప్పుడూ మెత్తగా వస్తోంది. మీరు లెన్స్ విప్పి బిగించినప్పుడు ఏమైనా తేడా వచ్చిందేమో చూస్తారా?" అడిగిన తీరులో నింద లేదు, కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా చేతి పని మీద అనుమానం వస్తే దాన్ని తేల్చేదాకా నాకు కుదురుండదు. మర్నాడు తెప్పించి రెండు లెన్సులూ వేసి చూశాను. నేను అసలు ముట్టుకోని కొత్త అల్ట్రాన్‌కీ ఎడమ పక్కే మెత్తగా ఉంది. అంటే లోపం లెన్సులో లేదు.

మైక్రోమీటర్‌తో అడాప్టర్ మందం నాలుగు చోట్ల కొలిచాను. ఎం లెన్స్ జెడ్ బాడీకి ఉండాల్సింది 27.8 నుంచి 16 తీసేస్తే 11.8 మి.మీ. ఇందులో ఒక పక్క 11.76, ఎదుటి పక్క 11.70. వెంట్రుక మందం తేడా. ఫిల్ము రోజుల్లో ఎవరూ పట్టించుకోని తేడా. కానీ ఎఫ్2లో సెన్సార్ అంచు దగ్గర అది దాదాపు రెండు పిక్సెళ్ళ మసక అవుతుంది. బాడీ మీద తొంభై వేలు పెట్టి అడాప్టర్ దగ్గర వెయ్యి మిగుల్చుకుంటే ఇలాగే అవుతుంది.

సగటున పల్చగా ఉండటంతో ఇంకో నష్టం కూడా ఉంది. చాలా అడాప్టర్లని కావాలనే కొంచెం పల్చగా చేస్తారు, అనంతం తప్పకుండా అందాలని. ఫైండర్లో చూసి ఫోకస్ చేసేవాళ్ళకి దాంతో పని లేదు. లెన్స్ మీదున్న దూరాల స్కేలు చూసి ఫోకస్ పెట్టేవాళ్ళకి ఉంది. ఈ అడాప్టర్‌తో 35 మి.మీ. లెన్స్ మీద 3 మీటర్ల గుర్తు పెడితే నిజంగా ఫోకస్ పడేది మూడున్నర దాటి. ప్రభల తీర్థంలో తోపులాట మధ్య ఫైండర్లో పెంచి చూస్తూ కూర్చోలేరు. అక్కడ స్కేలే దిక్కు. అందుకే మంచి అడాప్టర్ తెప్పించాం, నాలుగైదు రెట్లు ధర. నాలుగు చోట్లా 11.78. ఎడమ పక్క సమస్య ఆ క్షణమే పోయింది.

చేయి అలవాటు పడటం

మెనూలో నాన్-సీపీయూ లెన్స్ డేటా (కెమెరాతో మాట్లాడే చిప్పు లేని లెన్సుల వివరాలు) దగ్గర రెండు లెన్సుల ఫోకల్ లెంగ్తులు, ఎఫ్ నంబర్లు రాసిపెట్టాను. వణుకు ఆపే ఏర్పాటుకి ఆ అంకె కావాలి. లెన్స్ మార్చినప్పుడల్లా అది కూడా మార్చాలి. ముందున్న బటన్‌కి వంద శాతం జూమ్ పెట్టాను. పీకింగ్‌ని (ఫోకస్ కుదిరిన అంచుల మీద రంగు గీతలు చూపే ఏర్పాటుని) నమ్మొద్దన్నాను. జూపిటర్-8 ఎఫ్2లో కాంట్రాస్ట్ తక్కువ, రంగు గీతలు సరిగ్గా పుట్టవు. పుట్టినా కనురెప్ప నుంచి చెవి దాకా అంతా ఎర్రగా చూపిస్తాయి. బటన్ నొక్కి, కంటిపాపలో మెరుపుని చూసి ఫోకస్ పెట్టాలి. ఇంకోటి, సోనార్ డిజైన్లో అపెర్చర్ మూసేకొద్దీ ఫోకస్ కొంచెం వెనక్కి జరుగుతుంది. ఎఫ్2లో ఫోకస్ పెట్టి ఎఫ్4కి తిప్పి తీయడం పాత అలవాటు. ఈ లెన్సుతో అది మానేసి, ఎంతలో తీస్తున్నారో అంతలోనే ఫోకస్ పెట్టమన్నాను.

కెమెరాకి అపెర్చర్ తెలియదు కాబట్టి ఫైల్లో నమోదు కాదు. మాస్టారు జేబు పుస్తకం పెట్టుకున్నారు, ఫ్రేము నంబరు, ఎఫ్ నంబరు, దూరం. దూదితో సహా పూతరేకుల పెట్టె పోయింది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు వచ్చాయి. మీటరు 45 నుంచి 50 శాతం మధ్య ఉండాలని చెప్పాను. యాభై దాటిన రోజు ఫోన్ చేస్తారు.

కనుమ తర్వాత

కనుమ వెళ్ళిన నాలుగో రోజున కార్డు తెచ్చారు. కౌశిక కాలువలో దిగి ప్రభని భుజాల మీద మోసుకొస్తున్నవాళ్ళు. అల్ట్రాన్, ఎఫ్8, స్కేలు 3 మీటర్ల దగ్గర. ఆ సెట్టింగులో సుమారు రెండు మీటర్ల నుంచి ఏడు మీటర్ల దాకా ఫోకస్‌లో ఉంటుంది. ముందు వరసలో ఒక కుర్రాడి మెడ నరాలు, వెనక ప్రభకి కట్టిన రంగుల అల్లిక పోగులు, పైన కుడి మూలలో గట్టు మీద నిలబడ్డ ఆడవాళ్ళ ముఖాలు. ఆ మూలనే నేను ముందు పెంచి చూశాను. ముఖాలు ముఖాల్లాగే ఉన్నాయి.

రెండో ఫొటో మనవరాలిది, జూపిటర్-8తో, ఎఫ్2లో, కిటికీ వెలుతురు. కనుపాప మీద ఫోకస్ కుదిరింది. చుట్టూ అంతా వెన్నలా కరిగింది. దాన్ని 12×18 వేయించి వాళ్ళ నాన్నగారు తీసిన ఒక పాత బొమ్మ పక్కన గోడకి పెట్టారు.

ఒక కోరిక మిగిలింది. ద్రాక్షారామ గోపురం మొత్తం పట్టేలా 21 మి.మీ. లెన్స్ కావాలట. నా స్కోపార్ అడిగారు, ఇవ్వనన్నాను. వంతెన ఫైళ్ళు మళ్ళీ చూపించి, డిజిటల్ సెన్సార్లని దృష్టిలో పెట్టుకుని మార్చిన డిజైన్ ఏదైనా, ఉదాహరణకి ఫోక్ట్‌లెండర్ 15 మి.మీ. ఎఫ్4.5 మూడో వెర్షన్, ముందు ఒకరోజు తెచ్చి అదే గట్టు మీద, అదే పొద్దున్న వేళ వేసి చూద్దామన్నాను. జూపిటర్-12 మాత్రం జోర్కీ మీదే ఉంది. దాంట్లో ఫిల్ము వేశారు. ఇంకా పదకొండు ఫ్రేములు మిగిలాయట.